మునగాల దగ్గర హ్యాంగయిన మెదడు

కోదాడలో బండి ఆపి, "దిగు, వచ్చినం" అన్నాను. వెనక నుంచి ఎవరూ దిగలేదు. షామియానా కింద కూర్చున్న చుట్టాలంతా నన్నూ, నా వెనక సీటునూ మార్చి మార్చి చూశారు. నేనూ తిరిగి చూశాను. సీటు మీద ఒక సంచి, సంచిలోంచి తల బయటపెట్టిన బూడిద గుమ్మడికాయ ఉన్నాయి. నా భార్య లేదు.

మా బావమరిది కొత్త చొక్కా తొడుక్కుని, నుదుట బొట్టుతో, చేతిలో కొబ్బరికాయతో మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఆ రోజు వాడి కంప్యూటర్ సెంటర్ ప్రారంభం. దీపం వెలిగించాల్సింది వాళ్లక్క.

"అక్కేది బావా?"

"వెనకనే ఉండె" అన్నాను. అంతకు మించి నా దగ్గర సమాచారం లేదు.

"ఎంత వెనక?"

మునగాల అంత వెనక అని తేలడానికి కొంత సమయం పట్టింది.

అప్పుడు నేను సూర్యాపేటలో ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ని. మాకు ఇంకా కంప్యూటర్లు రాలేదు. కాగితం మీద రాసిన వార్తను కవరులో పెట్టి, పొద్దుగూకే లోపు ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇవ్వాలి. ఆ బస్సు దాటితే వార్త పాతబడినట్టే. కాబట్టి ఇంటికొచ్చాక ఆలోచిస్తూ కూర్చునే వీలుండేది కాదు. ఆలోచన అంతా బండి మీదే. మొదటి వాక్యం దారిలో కుదిరిందా, మిగతాది ఇంట్లో చేయి దానంతట అది రాసేది. జిల్లాలో మేం నలుగురైదుగురం ఇలాగే బతికాం. ఎదురొచ్చి నమస్తే పెట్టిన వాణ్ని చూడకుండా పోతున్నామంటే, వాడికి కోపం వచ్చేది కాదు. వార్త వండుతున్నాడు అనుకునేవాడు.

ఆ రోజు పొద్దున నేను వండుతున్నది హైవే మీద వడ్లు ఆరబోసుకునే రైతుల గురించి. సగం రోడ్డు వడ్లకు, సగం రోడ్డు లారీలకు. మొదటి వాక్యం ఎంతకూ కుదరలేదు. గుమ్మడికాయ మా అమ్మ పెరట్లో కాసింది. కోడలి తమ్ముడి దుకాణానికి దిష్టి తగలొద్దని, గుమ్మానికి కట్టమని పంపింది. సూర్యాపేట నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చిన మా ఆవిడకు మునగాల చేరేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. దాబా దగ్గర ఛాయ్ తాగాం.

"దీన్ని సీటు చివర కడ్డీకి కట్టిపిస్త. నేను చేతులు కడుక్కొనొస్త, ఉండు" అంది.

"ఊఁ" అన్నాను.

ఆమె అటు వెళ్లింది. దాబా పెద్దాయన గుమ్మడికాయను ఎత్తి సీటు మీద పెట్టి తాడు బిగించాడు. బండి వెనక భాగం కుంగింది. ఆమె ఎక్కితే బండి అచ్చం అలాగే కుంగుతుంది. ఈ మాట తరువాత ఇంట్లో అన్నందుకు విడిగా అనుభవించాను. మొత్తానికి కిక్కు కొట్టాను, కదిలాను.

దారి పొడుగునా ఆమెకు నా వాక్యం వినిపిస్తూనే ఉన్నాను. ఇలా మొదలుపెడితే ఎట్లుంటది, వడ్లతో మొదలుపెట్టనా, లారీతోనా అని అడిగాను. నేనే జవాబు చెప్పుకున్నాను. ఆమె ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. పెళ్లయిన తరువాత నా రాతకు ఆమె వంక పెట్టకపోవడం అదే మొదటిసారి. నాకు అనుమానం రావాల్సింది అక్కడే. రాకపోగా, చాలా సంతోషంగా కోదాడ చేరాను.

నేను బండి తిప్పేలోపే ఆమె వచ్చింది. గొర్రెల్ని తీసుకుపోతున్న ట్రాలీ ఆటో ఒకటి షామియానా ముందు ఆగింది. డ్రైవరు పక్కన ఒక గొర్రెల పెద్దమనిషి, ఆయన భార్య, వాళ్ల పక్కన పట్టుచీరలో మా ఆవిడ. అయ్యగారు అప్పటికే ముహూర్తాన్ని రెండు మంత్రాలు సాగదీసి, గడియారం వైపు చూడకుండా కూర్చున్నారు. ఆమె నేరుగా లోపలికి వెళ్లి దీపం వెలిగించింది. గొర్రెల వాళ్లను కూర్చోబెట్టి భోజనం పెట్టించింది. ఆ పెద్దమనిషి నన్ను చాలాసేపు చూసి, చేయి కడుక్కుంటూ అడిగాడు.

"గీయనేనా?"

"గీయనే" అంది మా ఆవిడ.

"మంచిగనే ఉన్నడు గదమ్మా, సూడనీకె."

అందరూ వెళ్లాక ఆమె నాతో మొదటి మాట మాట్లాడింది. "నీ బండెనక సీటు ఇగ గుమ్మడికాయకే. నేను బస్సుకొస్త."

కోపంలో అన్న మాటే అనుకున్నాను. కానీ ఆమె బడిలో లెక్కలు చెప్పే టీచరు. ఒకసారి గీత కొట్టి జవాబు రాసిందంటే, మళ్లీ తుడపదు.

కోదాడలో అప్పుడు కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లు. మేమూ విప్పి వెళ్లాం. బావమరిది వాతావరణం తేలిక చేద్దామని ఒక డబ్బా మూత తీసి, లోపలి నుంచి దువ్వెనలాంటి పచ్చ ముక్క ఒకటి బయటికి లాగాడు.

"అక్కా, దీన్ని ర్యామ్ అంటారు. ఇది తక్కువుంటే రెండు పనులు ఒకేసారి చేయలేదు. ఒకటి చేస్తుంటే రెండోది ఆగిపోద్ది. బావది అదే ప్రాబ్లం. వార్త ఓపెన్ చేశాడు, నువ్వు క్లోజ్ అయిపోయావు."

ఆమె ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది మనిషికి పెట్టరా?"

"ఇంకా రాలేదక్కా."

"వస్తే ఒకటి పక్కకు పెట్టు. ఎక్కువది పెట్టు."

అలా మా ఇంట్లోకి కంప్యూటరు రాకముందే కంప్యూటరు భాష వచ్చింది. ఉప్పు మరిచి వస్తే వైరస్ అనేది. నేను పాత సంగతి ఒకటి తవ్వితే, చెత్తబుట్టలోకెల్లి ఎందుకు తీసినవ్ అనేది. మా అమ్మ తొలుత ఇదేదో రోగం అనుకుని కంగారు పడింది. సంగతి అర్థమయ్యాక కొడుకును వెనకేసుకొచ్చింది.

"వాడు నడుమల చెడిపోయిందేం లేదే. కంపెనీలకెల్లే గట్ల వచ్చిండు. బడికి పోతె పలక మరిచేది, పలక యాదుంచుకుంటె లాగు మరిచేది."

"గ్యారంటీ అయిపోయినంకనే నాకిచ్చినవ్ అత్తా" అంది మా ఆవిడ.

నేనూ ఊరికే ఉండలేదు. ఆమె బస్సులో, నేను బస్సు వెనక బండి మీద చుట్టాల ఇళ్లకు వెళ్తున్నప్పుడు బోలెడంత సమయం దొరికేది. మెదడుకు ఏమేం పెట్టించుకోవచ్చో ఆలోచించేవాణ్ని. నుదుటి మీద ఇసుక గడియారం బొమ్మ ఒకటి తిరుగుతూ ఉండాలి. అప్పుడు నేను ఆలోచనలో ఉన్నట్టు ఎదుటివాళ్లకు తెలుస్తుంది, నా "ఊఁ"ను ఎవరూ నమ్మరు. నాయకుల ప్రెస్ మీట్లకు వెళ్లే ముందు చెవిలో యాంటీవైరస్ వేసుకోవాలి. అయితే అది పనిచేస్తే రాయడానికి ఏమీ మిగలదు. అప్‌డేట్ అవుతున్నప్పుడు మనిషి కాసేపు ఆగిపోతాడు కాబట్టి, అది భోజనం మధ్యలో కాకుండా సంతాప సభలో వచ్చేట్టు పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు అన్‌డూ కావాలి. నాకు దాన్ని పదేపదే వాడాలన్న ఆశ లేదు. మునగాల దాబా ముందు ఒక్కసారి నొక్కితే చాలు. ఇంతలో బస్సు ఆగేది. కిటికీలోంచి ఆమె నన్ను చూసి, వెనకే ఉన్నానని నిర్ధారించుకుని, మళ్లీ ముందుకు తిరిగేది.

సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చాక బావమరిది సంబరంగా సూర్యాపేట వచ్చాడు. "తలకాయలోకి ఎక్కించలేం గానీ బావా, జేబులోకి ఎక్కించొచ్చు" అని నా ఫోను తీసుకున్నాడు. తన గొంతే రికార్డు చేసి, అలారంగా పెట్టాడు. నేను సాధారణంగా ఇంటి నుంచి బయలుదేరే వేళకు అది మోగుతుంది.

నా బయలుదేరే వేళ నాకే తెలియదన్న సంగతి వాడు లెక్కలోకి తీసుకోలేదు. మర్నాడు మిర్యాలగూడలో ఒక పోలీసు అధికారి విలేకరుల సమావేశం పెట్టాడు. దొంగల దగ్గర దొరికిన మోటార్ల గురించి ఆయన గంభీరంగా చెబుతుంటే, నా జేబులోంచి కోదాడ యాసలో గట్టిగా వినపడింది.

"బావా, అక్క ఎక్కిందా? ఎనక్కి తిరిగి చూడు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. కానిస్టేబుళ్లు కూడా చూశారు. అధికారి కాగితం దించి అడిగాడు. "ఎక్కిందా?"

"బస్సు ఎక్కింది సార్" అన్నాను. అది నిజమే. ఆమె బడికి బస్సులోనే వెళ్లేది.

ఈ ముచ్చట ఇంట్లో చెబితే మా ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు చూసి, "రేపు బడి కాడ దించనా?" అని మెల్లగా అడిగాను. నవ్వు ఆపి, "బస్సున్నది గద" అంది.

చివరికి బస్సు లేని రోజు వచ్చింది. మిర్యాలగూడలో మా ఆవిడ చిన్నమ్మ కూతురి పెళ్లి. ఆ రోజే బస్సులు బందు. ఆమె ఆటోల కోసం రోడ్డు మీద కాసేపు చూసి, ఇంట్లోకి వచ్చి కొంగు నడుముకు చుట్టింది.

"వస్త. గని ఒక కండిషన్. నేను మాట్లాడుతనే ఉంట. నా మాట ఆగిందంటే నేను లేనట్టు. బండి ఆపి సూడాలె."

"ఆపుత."

"నీకు ర్యామ్ లేదు గాబట్టి నేనే ర్యామ్. ఎక్కిన, పో."

దారంతా మాట్లాడింది. బడి, పిల్లలు, చిన్నమ్మ పిసినారితనం, నేను గేర్లు మార్చే తీరు అన్నీ అయ్యాయి. మిర్యాలగూడ దగ్గర పడి, మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తుండగా, మాట ఠక్కున ఆగింది. నేను బండి ఆపి తిరిగి చూశాను. ఉంది.

"పరీక్ష పెట్టిన" అంది. "పాసైనవ్." ఇన్నేళ్లలో ఆమె నాకు వేసిన మొదటి మార్కు అది.

పెళ్లి భోజనం తిని తిరుగు ప్రయాణం కట్టాం. అదే కండిషన్ మీద ఆమె మళ్లీ మాటలు మొదలుపెట్టింది. నాకు మనసు నిండా ధైర్యంగా ఉంది. దారి పక్కన మళ్లీ వడ్లు ఆరబోశారు. వాటి మీదుగా ఒక లారీ వెళ్లింది. ఎన్నో ఏళ్ల కిందట కుదరని ఆ మొదటి వాక్యం, అడక్కుండానే వచ్చి నా ముందు నిలబడింది. ఎంత మంచి వాక్యమో. దాన్ని అటూ ఇటూ జరుపుతూ, చక్కబెడుతూ సూర్యాపేటలో ఇంటి ముందు బండి ఆపాను.

వెనక నిశ్శబ్దంగా ఉంది. తిరిగి చూడటానికి భయమేసింది. చూశాను. ఆమె చేతులు కట్టుకుని, కదలకుండా, గుమ్మడికాయలా కూర్చుని ఉంది.

"నేను మాట ఎక్కడ ఆపిన?" అని అడిగింది.

"ఇప్పుడే గద, గీ సందు మలుపు కాడ" అన్నాను.

ఆమె దిగి, చీర సవరించుకుని లోపలికి వెళ్లిపోయింది. తరువాత చాలాసార్లు అడిగాను, మా అమ్మతో అడిగించాను. ఎక్కడ ఆపిందో చెప్పలేదు. బావమరిది దుకాణం కొత్త చోటికి మారుస్తున్నాడు. మా అమ్మ మళ్లీ ఒక గుమ్మడికాయ కోసి పెట్టింది. ఎల్లుండి కోదాడ పోవాలి. బస్సో, బండో ఆమె ఇంకా తేల్చలేదు.