అచ్చియమ్మ పగ, గెడ్డలో పచ్చమెత్త

అచ్చియమ్మకు కోపమొస్తే అన్నం సహించదు గానీ, పగ పట్టిందంటే మాత్రం ఆకలి రెట్టింపవుతుంది. జి.మాడుగుల పక్క కొండమీది గూడెంలో ఆవిడతో పేచీ పెట్టుకుని నెగ్గినవాళ్లు లేరు. పొలంగట్టు దగ్గర ఓ మాట అన్నవాడికి ఏళ్లు గడిచాక వాడి కూతురి పెళ్లిపందిట్లో బదులు చెప్పిన మనిషి.

ఆవిడ మొగుడు మంగ్లు బతికున్నన్నాళ్లూ గూడెం కిందుగా పారే గెడ్డ మడుగులో చేపలు పట్టేవాడు. అక్కడి రాళ్లను అంటుకుని పచ్చగా, మెత్తగా ఒకటి పెరిగేది. చూడ్డానికి నాచులా ఉన్నా నాచు కాదు, స్పాంజి అనే ప్రాణి. ఊళ్లో పచ్చమెత్త అంటారు. అది పచ్చగా ఉన్నంతకాలం నీళ్లు తాగొచ్చని మంగ్లు చెప్పేవాడు. అతను పోయాక అచ్చియమ్మ బిందె ముంచేముందు ఆ రాళ్లను ఓసారి తడిమి చూసుకునేది. మొగుడి ఒళ్లు తడిమినట్టే ఉండేది ఆవిడకు.

ఈ ఏడు కాఫీపళ్ల కాలంలో పచ్చమెత్త పాలిపోయింది. మచ్చలు పడి, ముట్టుకుంటే కుళ్లిన గుజ్జులా ఊడివచ్చింది. అచ్చియమ్మ ఒళ్లు మండిపోయింది. బెరడు దంచి నీళ్లలో కలిపి చేపలకు మత్తెక్కించే అలవాటు ఊళ్లో ఒక్కడికే ఉంది. వాడు మరిది గాసి.

"ఒరే గాసీ! నీ అన్న మడుక్కే ఇసం పెట్టినావు గదరా!"

"నాను ఈ ఏడు బెరడు ముట్టనేదు వొదినా."

ఎవరు వింటారు? పెద్దలను పిలిపించి, ఏడ్చి, తిట్టి, తనకు కావలసిన తీర్పు తనే చెప్పించుకుంది. మడుగు పాడుచేసినవాడు అందులో నీళ్లు ముంచకూడదు, కొండవతలి ఊటకు పోవాలి. మర్నాటి నుంచి గాసి బిందె నెత్తిన పెట్టుకుని కొండెక్కుతుంటే అచ్చియమ్మ కడుపు నిండిపోయేది. ఈ ఏడే కొన్న చేతిమిషనులో కాఫీపళ్ల తొక్క తీస్తూ, గింజలు కడిగిన జిగురు నీళ్లు పెరటి కాలవలోకి పారబోస్తూ, వాణ్నే చూస్తూ కూర్చునేది.

స్పాంజిలకు వచ్చే జబ్బుల మీద చదువుకుంటున్న సౌందర్య అనే అమ్మాయి ఆ రోజుల్లోనే గూడేనికి వచ్చింది. మడుగంతా చూసి, గాసి మీద పడ్డ నింద విని, చుట్టూ చేరినవాళ్లను అడిగింది.

"చేపలు చచ్చి తేలాయా?"

"నేదమ్మా," అన్నారు అందరూ.

"అయితే బెరడు మందు కాదేమో. దీని ఒంట్లో కంటికి కనబడని జీవులు బోలెడు కాపురముంటాయి. దీని రంగూ బలమూ వాటివల్లే. నీళ్లలో ఏదైనా పులిస్తే అవి చచ్చిపోయి, కుళ్లబెట్టేవి ఆ ఇంట్లో చేరతాయి. పైన ఎవరైనా కాఫీ కడుగుతున్నారా?"

పుల్లటి వాసన పట్టుకుని అందరూ కాలవ వెంట పైకి నడిచారు. ఆ కాలవ అచ్చియమ్మ పెరట్లో ఆగింది.

తీర్పు ఆవిడదే. అచ్చియమ్మ బిందె తీసుకుని కొండెక్కింది.

ఊట దగ్గర గాసి ఉన్నాడు. వాడు అనబోయే మాటలన్నిటికీ ఆవిడ దారిలోనే బదులు సిద్ధం చేసుకుంది. బిందెతో వచ్చిన ఆవిడను చూడగానే సంగతి గ్రహించి, గాసి తన బిందె పక్కకు జరిపాడు.

"ముందు నువ్వు ముంచుకో వొదినా. ఎండన పడొచ్చినావు."

ఆవిడ నీళ్లు ముంచుకుని వాడి మొహం చూడకుండా దిగిపోయింది. తిట్టినా, కొట్టినా ఏదో ఒకనాడు బదులు తీర్చుకునేది. తనను క్షమించినందుకు మాత్రం వాణ్ని ఈ జన్మలో క్షమించకూడదనుకుంది.