ఆల్చిప్పల కుప్ప, మా చెల్క గుండ్లు

మొన్న ఆదివారం సుచిత్ర చౌరస్తా దగ్గర మా అన్న ఇంటికి వెళ్లాను. ఆయన సోఫాలో కాళ్లు చాపుకొని టీవీ చూస్తున్నాడు. దక్షిణ చైనా సముద్రతీరంలో వేల ఏళ్ల కిందట మనుషులు ఎట్లా బతికారో చూపిస్తున్నారు. వాళ్లు తిని పారేసిన ఆల్చిప్పలు, నత్తగుల్లలు కుప్పలుగా పేరుకున్నాయట. సముద్రం ఎప్పుడో వెనక్కి జరిగిపోయింది, కుప్పలు మాత్రం పొలాల మధ్య మిగిలిపోయాయి. ఆ చిప్పల సున్నం వల్లే కింద పూడ్చిన మనుషుల ఎముకలు కరిగిపోలేదు, మోకాళ్లు ముడుచుకొని పడుకున్నట్టే ఉన్నాయి. గుంజలు పాతిన చోట మిగిలిన నల్లటి మట్టి మచ్చలను బట్టి ఇల్లు ఎంతదో చెబుతున్నారు. బ్రష్షుతో మట్టి దులుపుతున్న ముసలాయన్ని చూపించి మా అన్న, "సూడు సెల్లె, ఎంగిలి చిప్పలను గూడ ఎంత భద్రంగ దాసుకున్నరో. మనోళ్లకు గసొంటి బుద్ధి యాడిది?" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట ఇంకెవరన్నా అంటే తలూపి ఊరుకునేదాన్ని. ఈయన నోట వినవలసి వచ్చింది చూడండి.

లాల్‌గడి మలక్‌పేట్‌లో మాకొక చెల్క ఉండేది. దాని నడుమ పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చి ఉండేవి. ఊరంతా రాకాసి గుండ్లనేవారు, మా అవ్వ ఒక్కతే పాతోళ్ల ఇండ్లు అనేది. నాగలి అక్కడికి రాగానే ఎత్తిపట్టి పక్క నుంచి తిప్పాలి. సాలులో కుండపెంకు దొరికితే తెచ్చి ఆ గుండ్ల మధ్యనే పెట్టాలి, ఆడుకోవడానికి ఇంటికి తెచ్చామా, వీపు విమానం మోత మోగేది. విత్తనాల నాడు అవ్వ మొదటి పిడికెడు జొన్నలు ఆ వలయంలోనే చల్లేది. "ఎవలి ఇల్లు ఆళ్లకు ఇడువాలె బిడ్డా. మనం ఎనుక వచ్చినోళ్లం" అనేది. జొన్నలన్నీ పిట్టలు తినిపోయేవి, అవ్వ మాత్రం పాతోళ్లు తిన్నారని తృప్తిపడేది.

అవ్వ పోయింది. అన్న సర్పంచి అయ్యాడు, ఆ తర్వాత ప్లాట్లలోకి దిగాడు. చెల్కను లేఅవుట్ చేస్తూ, గుండ్లున్న చోటు పార్కుగా వదిలేస్తానన్నాడు. అవ్వ మీద గౌరవంతోనే అన్నాడు, అబద్ధం చెప్పను. నేనప్పుడు సోషల్ టీచర్ని. చదివిన చదువు ఊరికే ఉంటుందా? భోజనాల దగ్గర అందరి ముందూ పాఠం మొదలుపెట్టాను. "అవ్వకు తెల్వదు అన్నా. అవి ఇండ్లు గావు, సమాధులు. కింద మనుషుల బొక్కలుంటయి, ఇనుప సామాన్లుంటయి."

అన్న చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. "బొందలగడ్డ పక్కకు ప్లాటు ఎవడు కొంటడే?" అన్నాడు.

మర్నాడు సంగతి తెలిసి, బడికి సెలవు పెట్టి పరుగెత్తేసరికి జేసీబీ పని ముగించింది. గుండ్లు పగిలి ప్రహరీ పునాదిలో పడ్డాయి. ఎర్రమట్టిలో నాలుగైదు నల్లటి పెంకులు కనిపిస్తే ఏరాను. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను.

అందుకే మొన్న టీవీ ముందు గట్టిగానే అడిగాను, మనోళ్లంటే ఎవరు, నువ్వు కాదా అని. అన్న రిమోట్ పక్కన పెట్టి నెమ్మదిగా, "నువ్వు జెప్పకపోతె ఉంచుదును గద" అన్నాడు. సంచి తీసుకొని లేచాను. ఆయన మీద కోపం మేడ్చల్ బస్సు దిగేదాకా ఉంది. నా మీద కోపం ఇంకా ఉంది. తరతరాల అవ్వల తెలియనితనం వేల ఏళ్లు నిలబెట్టిన చోటు, నా తెలివి ముందు ఒక్క పూట నిలవలేదు.