పిన్ను పట్టినంత మాత్రాన

కువైట్‌లోని రిగ్గైలో మా పక్క ఫ్లాట్ చిన్నాయన చనిపోయారని నిన్న పొద్దున మెట్ల దగ్గర చెప్పారు. నమ్మబుద్ధి కాలేదు. మాది కడప, ఆయనది కోనసీమ. చుట్టరికం లేదు, పిలుపొక్కటే. స్కూలు బస్సు నడిపేవారు. చేతికి ఏ వస్తువొచ్చినా, బిస్కెట్ ప్యాకెట్టయినా సరే, తిరగేసి వెనకాల చదివేవారు. ఎందుకని అడిగితే, "తెలుసుకోడానికి టికెట్టు లేదు కదమ్మాయ్" అనేవారు.

ఇక్కడ మనవాళ్లు కొలువు ఖలాస్ చేసుకుని ఊరికి పోయేటప్పుడు వైర్లు, చార్జర్లు పక్కవాళ్లకు వదిలిపోతారు. మా ఇంట్లో అలాంటివి సంచి నిండా ఉండేవి. పిన్ను పడితే చాలు, గుచ్చేసేవాళ్లం.

ఒక దుమ్ముగాలి రోజు మా పాపకు పిల్లికూతలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఆవిరి మందు పట్టే నెబులైజర్ అడాప్టరు చచ్చిపోయింది. సంచిలో లాప్‌టాప్‌ది ఒకటి సరిపోయింది. స్విచ్ వేయబోతుంటే, దగ్గు విని వచ్చిన చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండమ్మాయ్, దీని మీద ఎంతుందో చూద్దాం."

నాకు ఒళ్లు మండింది. "పిన్ను పట్టింది కద చిన్నాయనా, ఇంకేం గావల్ల?"

"పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు సరిపోద్దేంటి?"

ఫోను లైటు వేసి చూపించారు. పాతదాని మీద పన్నెండు వోల్టులు, దీని మీద పందొమ్మిది. మిషను కాలిపోతే పాపకు ఊపిరెలా? ప్లగ్గు పీకేశాను.

"ఆయాసం పెరిగితే నేరుగా ఆస్పత్రికే. లేదంటే హవల్లీ కరెంటు షాపులు ఎంతసేపు, యల్లా, పదండి" అంటూ మమ్మల్ని టాక్సీ ఎక్కించారు.

షాపతను పన్నెండు వోల్టులదే ఇచ్చాడు గానీ, ఒక ఆంపుకు బదులు రెండున్నాయి. చిన్నాయన వదల్లేదు. హిందీలో అడిగి అడిగి అతని ప్రాణం తీశారు. వోల్టులు కచ్చితంగా కలవాలట. డీసీ అన్న మాట, ప్లస్ గుర్తు పిన్ను లోపలా బయటా అన్నదీ పాతదానితో కలవాలట. ఆంపులు ఎక్కువున్నా పర్లేదట, మిషను తనకు కావలసినంతే తీసుకుంటుందట.

చిన్నాయన ముఖం వెలిగిపోయింది. "ఆయ్, తొట్టి ఎంత పెద్దదైనా మన చెంబెడే వత్తాదన్నమాట."

ఇంటికొచ్చి స్విచ్ వేశాం. మిషను గుర్రుమని, తెల్లటి ఆవిరి పాప ముఖం మీదికొచ్చింది. నాకు ఏడుపాగలేదు. ఆ పూట మా పాప ఊపిరి ఆయన పెట్టిన భిక్షే.

"కొత్తది గదా, ఎంత వేడెక్కుద్దో చూడాలి" అని ఆయన ప్లగ్గు పక్కనే నేల మీద చతికిలబడి, అడాప్టరు మీద అరచెయ్యి పెట్టారు. "గోరువెచ్చగానే ఉందమ్మాయ్."

మందు అయిపోయింది. పిల్లికూతలు తగ్గి పాప నా ఒళ్లో నిద్రపోయింది. మిషను ఆపి చూస్తే, చిన్నాయన గోడకానుకుని కునుకు తీస్తున్నారు. అరచెయ్యి ఇంకా అడాప్టరు మీదే ఉంది.