రుక్మాబాయికి వేరు గ్లాసు

బోధన్‌లో ఒక కల్లు దుకాణం. అక్కడ రుక్మాబాయి గ్లాసుకు ఎర్ర దారం కట్టి విడిగా బోర్లించేవాడు దుకాణం నడిపే హన్మండ్లు. ఆమెకు హెచ్‌ఐవీ ఉందని తెలిసిననాటి నుంచి అంతే. ఆమె తన గ్లాసు తానే కడిగి పెట్టి పోయేది.

ఇదేమిటని అడిగితే అతడు కల్లు పోయడు. పోయకపోతే ఆమెకు పూట గడవదు. అది చెట్టు కల్లు కాదు, మత్తు గోలీలు కలిపిన కల్లు. ఒక్క పూట తప్పితే చేతులు వణికి బీడీ చుట్టలేదు. భర్త పోయాక నడుం నొప్పికని మొదలుపెట్టింది, అదే ఆమెను పట్టుకుంది. చెరుకు సీజనులో లారీలవాళ్లు తాగబోసి వెంట తీసుకుపోయేవారు. ఆ మత్తులో నిరోధ్ తొడుగు అడిగే తెలివి ఎక్కడిది? ఆమెను తప్పుపట్టేవాళ్లు ముందు గోలీలు కలిపినవాణ్ణి అడగాలి.

2003లో ఒకనాడు, తనతో బీడీలు చుట్టే రేణుకమ్మ వచ్చి కూర్చుంది.

"అక్కా, జర దూరం జరుగు. నీ ఎంగిలి తాకితె నాకు సుత వస్తదట!"

"ఎంగిలికే వస్తే ఈ దుకాణం ఎప్పుడో ఖాళీ అవుతుండె. నిన్న నిన్ను దింపిపోయిందెవడే?"

"ట్రాక్టరాయన. మంచోడక్కా, బోటి తినవెట్టిండు."

"బోటి వెట్టిండు సరే, నిరోధ్ వెట్టుకున్నడా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. రేణుకమ్మ నవ్వలేదు.

"నాకు యాదికి లేదక్కా."

"పిచ్చిదానా, గ్లాసుకు భయపడ్తివి. యాదికి లేకపోవుడే అసలు భయం. దవాఖాన గోడ మీద ఈ రోగం సూదులతోని వస్తదని రాసిండ్రట. మనం సూది వెట్టుకోం, తాగుతం గదా అని నేను నిమ్మలంగ ఉంటి. నువ్వుండకు."

మర్నాడు రేణుకమ్మకు రక్తపరీక్ష చేయించడానికి ఇద్దరూ నిజామాబాద్ వెళ్లారు. పొద్దున కల్లు తాగని రేణుకమ్మ వణుకుతోంది. దవాఖానలో చీటీలు రాసే ఆయన తలెత్తి చూసి, "తాగొచ్చినవా? పో, తాగనినాడు రా" అన్నాడు.

"తాగలే సారూ, గందుకే వణుకుతున్నది" అంది రుక్మాబాయి. ఆయన వినలేదు.

"ఇంటికి పోదామక్కా" అని రేణుకమ్మ ఏడ్చింది. రుక్మాబాయి ఆమె తలను ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, వరండాలోనే కూర్చుంది. అటు వచ్చిన నర్సు కొంగు తీసి చూసి, చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లింది.

రేణుకమ్మకు రోగం లేదని తేలింది. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తేగాని ఖాయం కాదన్నారు. అప్పటిదాకా పైలంగా ఉండమన్నారు. కానీ మత్తు మాన్పించే చోటు ఎవరూ చూపలేదు. రేణుకమ్మ ఆ సాయంత్రమే దుకాణానికి పోయింది. నిరోధ్ పొట్లం ఆమె రవికెలో పెట్టి పంపి, చీకటి పడ్డాక రుక్మాబాయే పోయి ఆమెను ఇంటికి పట్టుకొచ్చింది. ఆ మూడు నెలలూ అదే ఆమె పని.

ఒంట్లో బాగులేని ఒక్క మనిషి ఎంతకాలం కాపలా కాస్తుంది? మీ ఊరి దవాఖానకు వెళ్లి అడగండి: కల్లుకు చిక్కిన ఆడవాళ్లకు మంచం ఏది, మందు ఏది అని. వణుకుతూ వచ్చినదాన్ని గేటు దగ్గరే తిప్పి పంపుతుంటే పక్కన నిలబడి మాట్లాడండి. ఇచ్చేదాకా అడగండి.