ఆన్సర్ కీలో లేని రొయ్య

ఈ రోజు బయాలజీ స్లిప్ టెస్ట్ పేపరు చేతికొచ్చింది. ద్రవాభిసరణకి ఒక ఉదాహరణ రాయమన్న ప్రశ్నకి నాకు సున్నా. ద్రవాభిసరణ! పలుకుతుంటేనే ఏదో మెల్లగా లోపలికి ఇంకుతున్నట్టుండే ఈ మాటంటే నాకు ప్రాణం.

అందుకే మా రొయ్యల చెరువు గురించి రాశాను. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి ఉప్పునీళ్ళ కవర్లలో వచ్చిన రొయ్యపిల్లల్ని నాన్న నేరుగా చెరువులో వదలరు. వదిలితే ఉప్పు తక్కువున్న ఆ నీరు కణాల పొరలు దాటి లోపలికి చొరబడి, పిల్లలు ఉబ్బి చచ్చిపోతాయి. అందుకని కవర్లోకి మగ్గుతో కొంచెం కొంచెంగా చెరువు నీళ్ళు కలిపి అలవాటు చేస్తారు.

పేపరు పట్టుకుని మా మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"ఇది తప్పాండీ?"

"తప్పని నేనన్నానా అమ్మా? ఆన్సర్ కీలో నీళ్ళలో నానేసిన కిస్మిస్ ఉంది. రొయ్య లేదు."

"రొయ్య కూడా ఉబ్బుతుందండీ."

"ఉబ్బనీ. మార్కు కిస్మిస్‌కే."

నేను వెనక్కి తిరిగేసరికి ఆయనే గొంతు తగ్గించి పిలిచారు. "అమ్మా, మా బావమరిది కైకలూరు దగ్గర చెరువు లీజుకి తీసుకున్నాడు. రేపే రొయ్యపిల్లల సీడొస్తోంది. మీ నాన్నగారు ఎంతసేపటికి ఎన్ని మగ్గులు పోస్తారో వివరంగా రాసిపెడతావా?"

పేజీ నిండా రాసిచ్చాను. రెండుసార్లు శ్రద్ధగా చదివి, "చాలా చక్కగా రాశావమ్మా" అని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మరి మార్కండీ?"

"అదీ ఇదీ ఒకటేనా అమ్మా?"

ఆ బావమరిది గారి రొయ్యపిల్లలన్నీ బతకాలనే కోరుకుంటున్నాను. పబ్లిక్ పరీక్షలో మీరైతే రొయ్య రాస్తారా, కిస్మిస్ రాస్తారా?