అనప మొలకల బద్దలు గిల్లిన రోజు

మా చిన్నప్పుడు... పాకాల దగ్గర మా ఊళ్లో వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. ఇంట్లో మిగిలిన విత్తనం రెండు దోసిళ్ల అనపగింజలు. అమ్మ ఎన్నిసార్లు అడిగినా నాయన వాటిని వండనివ్వలేదు. పెరట్లో బావి పక్కన నాలుగు సాళ్లు నాటాడు. అవి కాస్తేనే పై ఏటికి విత్తనం... లేకపోతే లేదు.

ఐదారు రోజులకు మొలకలు లేచాయి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. చూస్తే ప్రతి మొలక మెడకూ గింజ రెండు బద్దలుగా చీలి వేలాడుతోంది. అంత లేత కాడ ఇంత బరువు ఎలా మోస్తుందని నాకు ఒకటే జాలి... కూర్చుని రెండు సాళ్లకు బద్దలన్నీ గిల్లి పారేశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను కూడా!

నాలుగు రోజులు గడిచాయి. నేను ముట్టని సాళ్లు బెత్తెడు లేచి ఆకులు విప్పాయి. గిల్లినవి ఉన్నచోటే పాలిపోయి తలలు వాల్చాయి. నీళ్లు పోశాను, దండాలు పెట్టాను... ఒక్కటీ తేరుకోలేదు. అన్నం సహించలేదు. నాయన దగ్గు వినపడితే చాలు, గాదె వెనక్కి పోయి నక్కేదాన్ని.

చివరికి ఆయన కంట పడనే పడింది.

"సుబ్బమ్మ మేక గానీ దూరిందా ఈడ? ఈ పొద్దు దాని సంగతి సూస్తా!" అంటూ కర్ర అందుకున్నాడు. పక్కింటి సుబ్బమ్మవ్వకు ఉన్నది ఆ ఒక్క మేకే.

గాదె వెనక నుంచి బయటికి వచ్చాను. "నాయనా... మేక కాదు, నేనే గిల్లినాను" అన్నాను. కళ్లు గట్టిగా మూసుకుని దెబ్బ కోసం నిలబడ్డాను.

ఎంతసేపటికీ దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే నాయన వాడిన మొలకల ముందు చతికిలబడి ఉన్నాడు.

"ఆ బద్దల్లోనేమ్మా దాని కూడు ఉండేది... వేరు పట్టి, ఆకు పుట్టేదాకా అది తినే బతుకుతాది. ఇప్పుడు యాడ తెద్దును విత్తనం?" అన్నాడు. ఆయన గొంతు వణికింది. నాయనకు కూడా భయమేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది... నిజం చెబుతున్నా, ఆ భయం ముందు దెబ్బ ఎంత!

మిగిలిన రెండు సాళ్లూ కాశాయి. ఆ ఏడు, పచ్చి గింజలు నానబెట్టి తోలు పితికి వండుకునే పితికిపప్పుకని ఒక్క కాయ కూడా కోయలేదు, అన్నీ విత్తనానికే ఎండబెట్టాం.

ఇప్పుడు విత్తనం పొట్లాల్లో వస్తోంది. మొలవకపోతే ఇంకో పొట్లం తెచ్చుకుంటాం. రెండు దోసిళ్ల గింజల కోసం ఇల్లంతా హడలిపోయిందంటే ఇది టైపు చేస్తున్న మా మనవరాలే నమ్మడం లేదు...

మీ నాయన భయపడటం మీరు మొదటిసారి ఎప్పుడు చూశారు? చెప్పండి...