వాల్‌మురే మేయరు

ఏటా నవంబరు పదకొండున మేయరు ఒడిలాన్ స్మారక స్తంభం మీది నాచును కోటు చేతితో తుడిచి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ముప్పై ఎనిమిది మంది పేర్లూ చదువుతాడు. ఒక్కో పేరుకీ ఊరంతా, అంటే మిగిలిన పంతొమ్మిది మందీ, "ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చాడు" అంటారు. అతను తల వంచి, తర్వాతి పేరు అందుకుంటాడు. ఈసారి అతని చేతిలో ఏదో కాగితం ఉంది.

"కంఠతా వచ్చిన పేర్లకి కాగితమెందుకయ్యా?" అంది ముసలి ఉగెత్.

అది పైనుంచి వచ్చిన ఉత్తరం. జనవరిలో వాల్‌మురే ఊరిని పక్క పట్టణంలో కలిపేస్తారు. ఇక పేరు కూడా ఉండదు. వద్దని అతను మూడుసార్లు రాసినా లాభం లేకపోయింది. ఆఖరి పేరయ్యాక ఆ కబురు చెబుదామని గొంతు సవరించుకున్నాడు.

"వాల్‌మురే..." అన్నాడు. తర్వాతి మాట కోసం కాగితంలోకి చూశాడు.

"ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చాడు" అన్నారందరూ, అలవాటు కొద్దీ.

ఒడిలాన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తల వంచాడు.